గవని మొదలు గేటుగది వరకు

పాలమూరు సీమలో ఒక ఊరి పేరు పలుకవలెనన్న మొదట కోటవాకిలి దాటవలసియున్నది. ఆ ఊరు ఖిల్లా ఘణపూర్. తెలుగుదేశమున ఘనపురములు పెక్కులు కలవు. ఓరుగల్లు సీమలో రైలు ఆగెడి ఊరు స్టేషన్ ఘనపూర్ అయినది. ములుగు దాపుననున్న మరియొకటి తన కోటగుళ్ళచేత ప్రసిద్ధికెక్కినది. వనపర్తి జిల్లాలోని ఈ ఊరు మాత్రము కొండమీది కోటనే ఇంటిపేరుగా ధరించినది. కాకతీయ గణపతిదేవుని పేర వెలసిన గణపురము జనుల నాలుకలమీద ఘణపురమై, సుల్తానుల కాలమున పురము పూరై, అరబ్బీ నుండి వచ్చిన ఖిల్లా శబ్దము దానికి ముందు చేరి, మూడు కాలముల మాటలు ఒక చిన్న పేరులో ఇమిడిపోయినవి.

కోటయనగానే బురుజులు, అగడ్తలు, ఫిరంగులు తలపునకు వచ్చుట సహజము. కోటను కట్టించినవాని పేరును, పట్టుకొన్నవాని పేరును చరిత్రకారులు వ్రాసిపెట్టియే యున్నారు. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న సంగతి. ప్రతి కోటకును వాకిలి యున్నది, ప్రతి వాకిటను కావలివాడున్నాడు. ఆ కావలివాడు ఎక్కడ కూర్చుండెను, ఎక్కడ నిద్రించెను, వానికై యజమాని ఎంత చోటు విడిచిపెట్టెను? గవని మొదలు గేటుగది వరకు మన వాస్తువు నడచిన త్రోవ ఈ ప్రశ్నను పట్టుకొని పోయినవారికి కనబడును.

మన భాషలో వాకిటికి ఎన్ని పేర్లున్నవో గమనింపుడు. కోటకు గాని పట్టణమునకు గాని ఉన్న పెద్దవాకిలి గవని. పెద్ద తలుపులో గాని కోటగోడలో గాని ఉంచిన చిన్నవాకిలి దిడ్డి. రాజనగరి ముందు వచ్చినవారు వేచియుండెడు శాల మొగసాల, కొలువునకు వాకిటి చెంత తీర్చిన చావడి హజారము. వాకిలి కాచువాడు సంస్కృతమున దౌవారికుడు, ప్రతీహారి; తెలుగున పడిహారి. ఇన్ని మాటలు ఒక్క వాకిటి చుట్టు పుట్టినవన్నచో అది కేవలము రాకపోకల త్రోవ కాదనియు, రాజ్యవ్యవహారములో సగము అక్కడనే జరిగెడిదనియు తెలిసికొనవచ్చును.

కౌటిల్యుడు ఈ రహస్యమును బాగుగా ఎరిగినవాడు. అర్థశాస్త్రమున దుర్గనిర్మాణమును వర్ణించుచు అట్టాలకములను, ప్రతోళిని, ద్వారములను వివరించిన ఆయనయే, వేతనముల ప్రకరణమున దౌవారికునికి ఏటికి 24,000 పణములు విధించినాడు. రాజ్యపు ఆదాయమంతయు వసూలు చేసెడు సమాహర్తకును, కోశాగారమును కాచెడు సన్నిధాతకును ఉన్న జీతమే అది. యువరాజు గాక తక్కిన రాజకుమారులకు ఆయన నిర్ణయించినది 12,000 పణములే! వాకిటిని ఏలువాని నిష్ఠ తప్పినచో కుమారులు, కోశము, సైన్యము ఏవియు మిగులవని ఆ లెక్క. ఆ పదవి అంత గౌరవప్రదమైనది గనుకనే ఉత్తరాపథమునేలిన ఒక మహావంశము తాము ప్రతీహారులమని చెప్పికొనుటకు సిగ్గుపడలేదు. శ్రీరామునికి లక్ష్మణుడు ద్వారపాలనము చేసినాడు గనుక ఆయన వంశము వారమని గర్వించినది. ఇక వైకుంఠవాకిట సనకాదులను అడ్డగించి శాపగ్రస్తులైన జయవిజయుల కథ తెలుగువారిలో ఎరుగనివారెవరు? దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను మన సామెత ఆ కథలోని అనుభవమునే మరొక తీరున చెప్పుచున్నది.

ఖిల్లా ఘణపురపు కోటకు మూలము కాకతీయయుగమున కలదు. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు ఓరుగంటి సింహాసనమున నుండగా, వర్ధమానపురమును, అనగా నేటి నందివడ్డెమానును, నెలవుగా చేసికొని గోనవంశమువారు ఆయనకు సామంతులై ఈ సీమను పాలించిరి. రంగనాథ రామాయణకర్తగా పేరొందిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. గోన గణపారెడ్డి 1234 ప్రాంతమున రెండు కొండల నడుమ ఈ దుర్గమును కట్టించి, దానికి తన ప్రభువు పేరు పెట్టినాడని ప్రసిద్ధి. కాలక్రమమున గోన గన్నారెడ్డి పేరు అడివి బాపిరాజుగారి నవలవలన ఇంటింట మారుమ్రోగినది.

కాకతీయులకు గవనులు కట్టుటలో గల నేర్పు ఓరుగల్లులో స్పష్టముగ కనబడును. గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి పూర్తిచేసిన అక్కడి రాతికోటకు నలుదిక్కుల నాలుగు మహాద్వారములు కలవు. వానిలో ఏ ద్వారమునను సూటిగా లోనికి పోవుటకు వీలులేదు. దారి మొదట ఒక ముంగిలిలోనికి పోయి అచ్చట మలుపు తిరిగి మరియొక ద్వారముగుండ లోనికి చేరును. ఏనుగులతో గాని దూలములతో గాని తలుపును ఢీకొనదలచిన శత్రువునకు పరుగెత్తి రావలసిన చోటు లేకుండ చేయుట దీని పరమార్థము. ఆ మలుపులో చిక్కినవానికి మూడువైపుల గోడలును, గోడలపై విలుకాండ్రును ఉందురు.

ఈ ప్రాంతపు ఏ పాతకోట గవనిలోనైనను కొంతసేపు నిలిచి నేలవైపు చూడుడు. ద్వారశాఖల వెనుక ఇరుప్రక్కల రాతిలో తొలిచిన గిన్నెలవంటి గుంటలు కనబడును. వానికి సరిగా పైభాగమున రంధ్రములుండును. ఆ తలుపులకు నేటి మడతబందులు లేవు. తలుపురెక్క అంచును క్రిందను పైనను గుండ్రని మొలగా తీర్చి, అడుగుమొనను గుంటలోను పైమొనను రంధ్రములోను నిలిపెడివారు. ఇనుపరేకులు తాపిన ఆ మహాభారమంతయు ఒక గుంటలో బొంగరమువలె తిరిగెడిది. కొంచెము తలయెత్తి చూచినచో నడుమెత్తున ఒక గోడలో చాల లోతైన చదరపు బిలమును, ఎదుటిగోడలో దానికి సమముగా లోతు తక్కువైన మరియొక బిలమును ఉండును. అవి అడ్డగడియమ్రానుకైనవి. పగటివేళ ఆ మ్రాను లోతైన బిలములో నిద్రించును. ప్రొద్దుగ్రుంకగానే కావలివారు దానిని ఈడ్చి ఎదుటి బిలములో దూర్చుదురు. అటుపిమ్మట కోట కోటయగును. రాత్రివేళ తప్పనిసరియై వచ్చినవానికి పెద్దతలుపు తీయరు, దిడ్డి తీయుదురు. తలవంచి, ఒక కాలు ముందుంచి, కత్తి దూయుటకు వీలులేని భంగిమలో అతడు లోనికి రావలెను. వంగిన మెడ ముందు నిలిచిన కావలివానికి ఆ క్షణమున ఎంత అధికారమున్నదో ఊహింపుడు!

ఆ కావలివాని చోటు ఏది? ద్వారపు నడవకు ఇరువైపుల ఎత్తుగా కట్టిన రాతి అరుగులు. వానిపై స్తంభములు, గోడలో దీపపుగూడు, ఆయుధములు ఆనించుటకు ఒక మూల. అంతకుమించిన కట్టడము సాధారణముగా లేదు. దీనికి కారణము యజమాని పిసినారితనము కాదు. మన రాజ్యవ్యవస్థలో బంటునకు ప్రతిఫలము భూమిగా ముట్టెడిది. కాకతీయుల నాయంకరములో నాయకునికి ఊళ్ళు, అతని క్రింది బంటునకు చెక్కలు. తరువాతి కాలమున బంట్రోతుమాన్యములు. అతని ఇల్లు ఊరిలో, అతని చేను చెరువుక్రింద, అతని వంతు మాత్రము గవనిలో. అరుగు వంతుకావలికి కట్టినది, కాపురమునకు కాదు. అందుచేత మన ద్వారవాస్తువులో కావలివాడు ఉన్నాడు గాని అతని పొయ్యి లేదు.

1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఘణపురపు కొండకు శాంతి కరవైనది. కృష్ణా తుంగభద్రల నడిమి నేలకై బహమనీలును విజయనగరరాయలును, అటుపై బిజాపురపు సుల్తానులును గోలకొండ కుతుబ్‌షాహీలును పెనుగులాడిన కాలమంతయు ఈ సీమలోని దుర్గములు చేతులు మారుచునే యుండెను. ఈ చేతుల మార్పులో వాకిటి రూపమును మారినది. రెండు నిలువురాళ్ళమీద ఒక అడ్డరాయి నిలిపెడు పద్ధతికి తోడుగా, చిన్నరాళ్ళను సున్నముతో అతికి వంపుతీర్చెడు కమాను వచ్చినది. అడ్డరాయి ఎంత పొడవు దొరకునో వాకిలి అంతే వెడల్పు. కమానుకు ఆ నిర్బంధము లేదు. అంబారీతోడి ఏనుగు వంగకుండ పోగలిగిన ద్వారములు వెలసినవి. ఏనుగు కుంభస్థలము ఆనకుండ తలుపులకు ఇనుపముళ్ళు మొలిచినవి. గోలకొండ ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టినచో ఆ సద్దు కొండకొనయందలి బాలాహిస్సారులో వినవచ్చుట నేటికిని యాత్రికులు చూచి ఆనందించెడు వింత.

కాని ఆ మహాదుర్గము చివరకు ఎట్లు పడినది? 1687లో ఔరంగజేబు ఎనిమిదినెలలు ముట్టడించినను, ఫిరంగులు పేల్చినను, సొరంగములు త్రవ్వించినను గోలకొండ లొంగలేదు. ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ యను సేనాని లంచమునకు లోబడి ఒక దిడ్డి తెరపించినాడు. మొగలుసేన లోన దూరినది; తెల్లవారునప్పటికి కుతుబ్‌షాహీ వంశము ముగిసినది. దౌవారికునికి 24,000 పణములు ఏల ఇయ్యవలెనో కౌటిల్యుడు చెప్పిన లెక్క అక్షరాల ఋజువైన రాత్రి అది.

ఆసఫ్‌జాహీల ఏలుబడిలో పరిస్థితి తలక్రిందులైనది. పాలమూరు సీమలో వనపర్తి, గద్వాల, కొల్లాపురము, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానములు నిజామునకు కప్పముకట్టుచు తమ తమ నగరులలో వైభవముగా వర్ధిల్లినవి. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోటలో చెన్నకేశవస్వామి కొలువుతీరినాడు. పండితులచేత ఆ సంస్థానము విద్వద్గద్వాలయని బిరుదుపొందినది. ఇరుగుపొరుగు రాజుల దండయాత్రలు ఉడిగినకొలది వాకిలికి పూర్వపు పని తగ్గినది. పని తగ్గినకొలది దాని ఎత్తు పెరిగినది! మలుపుదారి తొలగి సూటిదారి వచ్చినది. ఎదుట నిలిచినవానికి నగరి ఠీవి ఒక్కచూపులో కనబడవలెను గదా. విలుకాండ్రు నిలిచెడు చోట నగారాలు నిలిచినవి. ప్రహర ప్రహరమునకు మ్రోగెడు నౌబతు ఊరందరికిని కాలమును చెప్పినది. పిమ్మట ఆ పనిని గడియారము అందుకొన్నది. హైదరాబాదు చౌమహల్లా ద్వారము పైనున్న ఖిల్వతు గడియారమే ఇందుకు సాక్షి.

ఈ కాలమున వచ్చిన ఒక మాట వాకిటి చరిత్రకంతకును తాళపుచెవి వంటిది. అది దేవిడీ. సంస్కృతమున గడపకు దేహళియని పేరు. హిందీ ఉర్దూలలోని డ్యోఢీ దాని సంతతిదేయని పండితులు తలచుచున్నారు. మొదట గడప, తరువాత గడప చుట్టునున్న ద్వారశాల, అటుపై ఆ ద్వారము వెనుకనున్న భవనమంతయు దేవిడీయే అయినది. హైదరాబాదులో నవాబుల మేడలన్నియు దేవిడీలే. లోపలి మేడను చూచు భాగ్యము ఎందరికి? ఊరివారు చూచినది వాకిలి. వారు పెట్టిన పేరు వాకిటి పేరు. వాకిట నిలిచి, పడిగాపులు కాచి, తుదకు లోనికి రావలదను మాట విని మరలినవారి అనుభవము తెలుగులో దేవిడీమన్నా యను పలుకుబడిగా నిలిచిపోయినది. మన్నా అనగా నిషేధము. నేడు ఇంటిలో సరకు నిండుకొన్నను, కొలువు ఊడినను దేవిడీమన్నా అనుచున్నాము. మన వెనుక మూసికొనిన ఒక పాత తలుపు ఆ మాటలో ఇంకను చప్పుడు చేయుచునే యున్నది.

హైదరాబాదులో సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీ కథ మరింత విచిత్రమైనది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియము మొదట ఆ మేడలోనే తెరువబడి, 1968లో మూసీ ఒడ్డుననున్న నూతనభవనమునకు తరలినది. ఆ వెనుక మేడలు ఒక్కటొక్కటిగా మాయమైనవి, అంగళ్ళు లేచినవి. మిగిలినది పేరును, కమానును. ఇంటికి పేరిచ్చిన వాకిలి ఇల్లు పోయినను తాను నిలిచియున్నది. దీనికి సరిగా ఎదురైన కథ ఇంగ్లండులో కలదు. ఎసెక్సు మండలమున లేయర్ మార్నీయను చోట మార్నీ ప్రభువు పదునారవ శతాబ్ది ఆదిని ఒక మహాసౌధమును తలపెట్టి, ముందుగా ఎనుబది అడుగుల ద్వారగోపురమును లేపినాడు. ఆయన 1523లోను, కుమారుడు 1525లోను గతింపగా సౌధము పూర్తికాలేదు. మనకు ఇల్లు లేని వాకిలిని కాలము మిగిల్చినది. వారికి మృత్యువు మిగిల్చినది.

అయినను ఇంగ్లండులో ద్వారము నడచిన దారి వేరు. కోటల కాలము గతించిన పిదప అచ్చటి జమీందారులు పద్దెనిమిదవ శతాబ్దిలో తమ మేడల చుట్టు క్రోసులకొలది వనములు పెంచి, మేడకు చాలదూరమున ప్రహరీ పెట్టిరి. వాకిలి ఒకచోట, ఇల్లు వేరొకచోట అయినది. ఆ దూరపు వాకిట పగలును రేయియు ఉండువాడు కావలెను. కావున గేటు ప్రక్కన ఒక చిన్న ఇల్లు కట్టిరి. దానికి పేరు లాడ్జి. ఒకటి రెండు గదులు, ఒక పొయ్యి, ఒక పొగగొట్టము. మేడ యే శైలిదో ఆ శైలికి చిన్న నమూనా వంటి ముఖభాగము. అందులో కావలివాడు భార్యాబిడ్డలతో కాపురముండెను. బండిచప్పుడు వినగానే తరచుగా అతని భార్యయే వచ్చి గేటు తీసెడిది. అనగా అచ్చట గవని క్రుంగి కావలివాని కుటీరమైనది. ఇచ్చట గవని పెరిగి యజమాని మేడకు పేరైనది. ఒకే బీజము రెండు నేలలలో రెండు చెట్లయిన తీరు ఇది.

తెలంగాణపు పల్లెలలో దేశముఖులును దొరలును కట్టుకొన్న గడులు ఈ కథలో చేదు అధ్యాయము. కోటకు చిన్న తమ్ముని వంటి ఆ కట్టడములకు ఎత్తైన ప్రహరీ, మూలల బురుజులు, నిలువెత్తు దర్వాజా, దర్వాజాకు ఒక దిడ్డి. ఆ తలుపు పరరాజుల దండునకు భయపడి పెట్టినది కాదు. ఊరినే బయట నిలుపుటకు పెట్టినది. దాని ముందునుండి పోవునప్పుడు చెప్పులు చేతపట్టుకొని పోవలెను. లోపల వెట్టి చేయువాడే బయట కావలియు కాయవలెను. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు గూండాల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరగుటతో ఆ వాకిళ్ళ ముందు వంగిన మెడలు లేచినవి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వచ్చినది; సంస్థానములును ముగిసినవి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర కళాశాల వెలసినది. వనపర్తి రాజభవనములో 1959 నుండి పాలిటెక్నిక్ నడచుచున్నది. ఒకప్పుడు అనుమతి లేక ఎవరును దాటని గడపలను పుస్తకముల సంచితో పిల్లలు గంట కొట్టకముందే పరుగున దాటుచున్నారు.

కావలివాడు మాత్రము ఎక్కడికి పోయినాడు? వానిలో కొందరి జాడ పేర్లలో దొరకును. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు పందొమ్మిదవ శతాబ్దిలో ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలతో ఒక అశ్వికదళమును కూర్చినాడు. అది పిమ్మట నిజామునకు చెంది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయినది. హైదరాబాదులో వారు నివసించిన పేట నేటికిని ఏసీ గార్డ్స్. సరిగా పలికినచో ఆ పేరు చల్లని యంత్రములను కాక, వనపర్తి రాజును కాచిన గుఱ్ఱపురౌతులను తలపింపవలెను. మరికొందరు కచేరీలలోనికి నడచిరి. బంటునుండి వచ్చిన బంట్రోతు మాన్యమును కోల్పోయి, అధికారి గది తలుపు ప్రక్కన ఒక ముక్కాలిపీట సంపాదించినాడు. అరుగు పీటయైనను అతని చేయి ఇంకను తలుపుమీదనే యున్నది గనుక, సాహేబు సంతకముకంటె ముందు అతని చిరునవ్వు సంపాదింపవలెనని పని గలవారికి తెలియును.

ఇక ఇంగ్లండు లాడ్జి మన దేశమునకు రాలేదా? వచ్చినది, చాల ఆలస్యముగా, ఎవరును ఎదురుచూడని రూపమున వచ్చినది. హైదరాబాదులో అపార్టుమెంట్లు లేచిన తరువాత ప్రతి భవనమునకును ఒక గేటు, గేటు వెనుకనో మెట్ల క్రిందనో కార్లు నిలిపెడు చోట ఒక మూలగది. అందులో వాచ్‌మన్ భార్యాబిడ్డలతో ఉండును. గోడకు ఒక దేవుని పటము, తాడుమీద బట్టలు, ఒక మూల గ్యాసుపొయ్యి. అర్ధరాత్రి కారుమోత వినబడగానే అతడు లేని వేళ అతని భార్యయే లేచివచ్చి గేటు తీయును. వేయేండ్ల మన ద్వారవాస్తువులో కావలివానికి పొయ్యి దొరకినది ఇక్కడనే; చెరువుక్రింది చెక్క పోయినది గనుక దొరకినది.

ఆ దంపతులను మీది ఏ ఊరని అడిగి చూడుడు. దేశమందలి ఆనకట్టలకెల్ల కూలీలను పంపిన పాలమూరే చాలమందికి పుట్టినిల్లు. రెండు కొండల నడుమ కోటవాకిలి వెలసిన సీమనుండి వచ్చి వారు ఎవరివో వాకిళ్ళు కాచుచున్నారు; సొంత ఊరిలో ఇంటికి తాళము వేసి, తాళపుచెవి పక్కింటివారికిచ్చి వచ్చినారు.